నోరు విప్పితే బయటికే దారి: పార్టీ క్రమశిక్షణపై చిత్తూరు జిల్లా చెప్పే పాఠం

తిరుపతి నగరపాలక సంస్థకు 2021 మార్చిలో ఎన్నికలు జరిగాయి. ఎన్నిక జరిగిన 49 డివిజన్లలో 48 వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది. తెలుగుదేశానికి దక్కింది ఒక్కటే. నాలుగేళ్లు తిరక్కముందే, 2025 ఫిబ్రవరిలో, అదే కౌన్సిల్ డిప్యూటీ మేయర్‌గా తెలుగుదేశం కార్పొరేటర్‌ను ఎన్నుకుంది. ఈ మధ్యలో కౌన్సిల్‌కు కొత్తగా ఎన్నికలేమీ జరగలేదు. ఓటర్లు వేసిన ఓటు మారలేదు. మారింది రాష్ట్రంలో ప్రభుత్వం.

దీన్ని చూసి జనం 'అధికారం ఎటుంటే అటే' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అందులో నిజం లేకపోలేదు. కానీ కథ అంతటితో అయిపోదు. ఒక కార్పొరేటర్‌కో, ఎమ్మెల్యేకో సొంత పార్టీ మీద అసంతృప్తి ఉంటే అది చెప్పుకోవడానికి పార్టీలో ఒక చోటు ఉందా? చెప్పుకున్నాక కూడా అతను ఆ పార్టీలోనే గౌరవంగా ఉండగలడా? చాలా పార్టీల్లో రెండు ప్రశ్నలకూ జవాబు 'లేదు' అనే వస్తుంది. అందుకే మన దగ్గర అసమ్మతి అంటే పార్టీ మారడం అనే అర్థం స్థిరపడిపోయింది. ఉంటే నోరు మూసుకుని ఉండాలి, నోరు విప్పితే బయటికి పోవాలి. మూడో దారి కనబడదు.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో, దాని ఫలితం ఏమిటో తెలుసుకోవడానికి ఉమ్మడి చిత్తూరు జిల్లా కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఒకప్పుడు ఇక్కడ బలంగా ఉన్న కాంగ్రెస్ పార్టీ ఐదేళ్లలో ఖాళీ అయిన తీరు చూస్తే చాలు.

విప్ జారీ చేసిన చేతితోనే ధిక్కారం

2009 అసెంబ్లీ ఎన్నికల్లో ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని 14 స్థానాల్లో కాంగ్రెస్ 7 గెలిచింది. పీలేరు, పుంగనూరు, మదనపల్లె, చంద్రగిరి, చిత్తూరు, గంగాధర నెల్లూరు, పూతలపట్టు. తెలుగుదేశానికి 6 వచ్చాయి. తిరుపతిలో ప్రజారాజ్యం తరఫున చిరంజీవి గెలిచారు. మరుసటి ఏడాదే జిల్లా నుంచి ముఖ్యమంత్రి కూడా వచ్చారు. ఆయన పీలేరు ఎమ్మెల్యే నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి.

కిరణ్ కుమార్ రెడ్డి రాజకీయ జీవితంలో ఒక విశేషం ఉంది. 2004 నుంచి 2009 వరకు ఆయన ప్రభుత్వ చీఫ్ విప్. అంటే పార్టీ ఎమ్మెల్యేలు సభకు వచ్చారా లేదా, చెప్పినట్టు ఓటేశారా లేదా చూసే బాధ్యత ఆయనదే. తర్వాత ఏడాదిన్నర స్పీకర్‌గా పనిచేశారు. ఫిరాయింపుల ఫిర్యాదులు విచారించేది స్పీకరే. క్రమశిక్షణ అనే మాటకు అటు పార్టీ వైపు నుంచి, ఇటు సభ వైపు నుంచి అర్థం తెలిసిన మనిషి. ఒక్క శాఖకూ మంత్రిగా పనిచేయకుండానే 2010 నవంబర్ 25న ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఎంపిక జరిగింది హైదరాబాద్‌లో కాదు, ఢిల్లీలో. శాసనసభాపక్షం నిర్ణయాన్ని అధ్యక్షురాలు సోనియా గాంధీకి వదిలేసింది. పేరు పైనుంచి వచ్చింది.

ఆయన కూర్చున్న కుర్చీ కింద అప్పటికే మంట ఉంది. 2009 సెప్టెంబర్‌లో వైఎస్ రాజశేఖర రెడ్డి మరణించాక ఆయన కుమారుడు జగన్ మోహన్ రెడ్డి ఓదార్పు యాత్రకు బయలుదేరారు. వద్దని అధిష్టానం చెప్పింది. ఆయన ఆగలేదు. 2010 నవంబర్ 29న కాంగ్రెస్‌ను వీడారు. 2011 డిసెంబర్‌లో కిరణ్ ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం వచ్చినప్పుడు 16 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు విప్‌ను కాదని ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. వాళ్లపై అనర్హత వేటు పడింది. 2012 జూన్‌లో 18 అసెంబ్లీ స్థానాలకు ఉపఎన్నికలు జరిగితే 15 వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. కాంగ్రెస్‌కు దక్కినవి 2. చిరంజీవి రాజ్యసభకు వెళ్లడంతో ఖాళీ అయిన తిరుపతి కూడా ఆ 18లో ఉంది. అక్కడ భూమన కరుణాకర్ రెడ్డి గెలిచారు.

2013 మార్చిలో మరో అవిశ్వాసం. ఈసారి తెలుగుదేశం తటస్థంగా ఉండాలని నిర్ణయించింది. కానీ రెండు పార్టీల్లోనూ విప్ ధిక్కరించిన వాళ్లు ఉన్నారు. ఆ జూన్‌లో కాంగ్రెస్ నుంచి 9 మంది, తెలుగుదేశం నుంచి 6 మంది సభ్యత్వం కోల్పోయారు. కాంగ్రెస్ జాబితాలో పుంగనూరు ఎమ్మెల్యే, మాజీ మంత్రి పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి పేరు ఉంది. ముఖ్యమంత్రి నియోజకవర్గం పీలేరు, ఆయన నియోజకవర్గం పుంగనూరు ఒకే లోక్‌సభ స్థానం, రాజంపేట పరిధిలోవి. ఇద్దరూ ఒకే పార్టీలో ఉండి, ఒకే జిల్లాలో ఉండి, సర్దుకోలేకపోయారు. సర్దిచెప్పే పెద్దమనిషి పార్టీలో లేకపోయారు.

అప్పటిదాకా ధిక్కరించిన వాళ్ల మీద వేటు పడుతుంటే అటువైపు కూర్చున్న ముఖ్యమంత్రి, కొన్ని నెలలకే తానే ధిక్కరించేవాడి స్థానంలోకి వచ్చారు.

నిర్ణయం ముందు, వినడం తర్వాత

2013 జూలై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణ రాష్ట్రం ఏర్పాటుకు తీర్మానం చేసింది. అంతకుముందు ముఖ్యమంత్రినీ, ఉపముఖ్యమంత్రి దామోదర రాజనర్సింహనూ, పీసీసీ అధ్యక్షుడు బొత్స సత్యనారాయణనూ ఢిల్లీకి పిలిచి మాట్లాడిన మాట నిజమే. అంటే అసలు వినలేదని అనలేం. కానీ సీమాంధ్ర నాయకుల అభ్యంతరాలు వినడానికంటూ ఏకే ఆంటోనీ కమిటీని వేసింది మాత్రం తీర్మానం అయిపోయాక, ఆగస్టులో. పెళ్లి ముహూర్తం పెట్టి, పత్రికలు పంచేసి, ఆ తర్వాత ఇంట్లో పిల్లను ఇష్టమేనా అని అడిగినట్టు అయింది.

ఆ ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు సీమాంధ్ర జిల్లాల్లో ఉద్యోగుల సమ్మె నడిచింది. ఆర్టీసీ బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె రోడ్ల మీద రోజూ ర్యాలీలు. కాంగ్రెస్ ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చున్న జనానికి అతను ఏం చెప్పాలి? 'మా పార్టీ నిర్ణయం ఇది, దీనికి కారణాలివి' అని సమర్థించేంత సమాచారం అతని చేతిలో లేదు. 'నేను వ్యతిరేకం, పార్టీలోనే ఉండి పోరాడతాను' అని చెబితే నమ్మేవాళ్లు లేరు.

ఇక్కడ ఒక సంగతి మరచిపోకూడదు. తెలంగాణ వైపు కాంగ్రెస్ నాయకులకూ అంతకుముందు సరిగ్గా ఇదే అనుభవం. 2009 డిసెంబర్ 9న రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్రం ప్రకటించి, రెండు వారాలకే వెనక్కి తగ్గింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడి ఎంపీలు, ఎమ్మెల్యేలు సొంత ప్రభుత్వం మీదే నిరసనలు చేశారు. విసిగిపోయిన కె. కేశవరావు, మందా జగన్నాథం, వివేక్ 2013 జూన్‌లో టీఆర్ఎస్‌లో చేరిపోయారు. వాళ్లు వెళ్లిన రెండు నెలల్లోపే పార్టీ వాళ్లు కోరిన నిర్ణయం తీసుకుంది. రెండు ప్రాంతాల డిమాండ్లు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. ఎవరిది న్యాయం అనేది వేరే చర్చ. కానీ రెండు వైపులా నాయకుల ఫిర్యాదు ఒక్కటే: మా మాట ఎక్కడ చెప్పాలో, చెబితే ఎవరు వింటారో తెలియడం లేదు.

2014 జనవరి 30న ముఖ్యమంత్రి ప్రతిపాదించిన తీర్మానంతో ఉమ్మడి అసెంబ్లీ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. రాజ్యాంగంలోని మూడో అధికరణం ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం అడగాలే గాని, దానికి పార్లమెంటు కట్టుబడాల్సిన పనిలేదు. ఫిబ్రవరి 5న ముఖ్యమంత్రే ఢిల్లీ జంతర్ మంతర్‌లో దీక్షకు కూర్చున్నారు. కేంద్రంలో సొంత పార్టీ ప్రభుత్వం, రాష్ట్రంలో సొంత ప్రభుత్వం, రోడ్డు మీద ముఖ్యమంత్రి. ఫిబ్రవరి 11న సొంత ప్రభుత్వంపైనే అవిశ్వాస నోటీసులిచ్చిన ఆరుగురు సీమాంధ్ర ఎంపీలను కాంగ్రెస్ బహిష్కరించింది. ఉండవల్లి అరుణ్ కుమార్, లగడపాటి రాజగోపాల్, సబ్బం హరి, హర్షకుమార్, రాయపాటి సాంబశివరావులతో పాటు రాజంపేట ఎంపీ ఎ. సాయిప్రతాప్ కూడా అందులో ఉన్నారు.

గమనించాల్సింది ఏమిటంటే, ఎంపీలను బహిష్కరించిన అధిష్టానం అదే పని బహిరంగంగా చేస్తున్న ముఖ్యమంత్రిని తాకలేదు. ఆయన మాట వినలేదు, ఆయనను తీసేయనూ లేదు. క్రమశిక్షణ అనేది అందరికీ ఒకేలా ఉంటే దాన్ని నియమం అంటారు. మనిషిని బట్టి, అవసరాన్ని బట్టి మారితే కార్యకర్త దాన్ని నియమంగా చూడడు, దయగానో కోపంగానో చూస్తాడు.

ఫిబ్రవరి 18న లోక్‌సభ బిల్లును ఆమోదించింది. 19న కిరణ్ కుమార్ రెడ్డి ముఖ్యమంత్రి పదవికీ, పార్టీకీ రాజీనామా చేశారు. 20న రాజ్యసభ కూడా ఆమోదించింది. ఆఖరి బంతి దాకా ఆట ఉంటుందని చెబుతూ వచ్చిన నాయకుడి చేతిలో అప్పటికి బంతీ లేదు, బ్యాటూ లేదు.

ఒకే జిల్లా, ఎన్నో దారులు

తర్వాత ఏం జరిగిందో చూస్తే ధిక్కారానికీ ఒక లెక్క ఉంటుందని అర్థమవుతుంది. మార్చిలో కిరణ్ కుమార్ రెడ్డి 'జై సమైక్యాంధ్ర' పార్టీ పెట్టారు. చెప్పుల జత గుర్తు. ఆయన పోటీ చేయలేదు. పీలేరులో ఆయన తమ్ముడు కిశోర్ కుమార్ రెడ్డి నిలబడి ఓడిపోయారు. రాష్ట్రంలో ఆ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. ఆయన మంత్రివర్గంలోని చంద్రగిరి ఎమ్మెల్యే గల్లా అరుణకుమారి తెలుగుదేశంలోకి వెళ్లి ఓడిపోయారు. పెద్దిరెడ్డి వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి పుంగనూరులో మళ్లీ గెలిచారు.

2009లో కాంగ్రెస్ గెలిచిన ఆ 7 స్థానాల్లో 6 వైఎస్సార్ కాంగ్రెస్‌కు, ఒకటి తెలుగుదేశానికి వెళ్లాయి. జిల్లాలో కాంగ్రెస్ 7 నుంచి సున్నాకు వచ్చింది. రాష్ట్రంలో 175కు సున్నా. 2019లో సున్నా. 2024లోనూ సున్నా. తిరుపతి మాజీ ఎంపీ చింతా మోహన్ లాంటి ఒకరిద్దరు ఓడినా పార్టీని వదలకుండా మళ్లీ మళ్లీ పోటీ చేస్తూ వచ్చారు. కానీ వాళ్ల వెనక నడవడానికి మండల స్థాయిలో మనుషులు మిగల్లేదు.

కిరణ్ కుమార్ రెడ్డి 2018 జూలైలో మళ్లీ కాంగ్రెస్‌లో చేరారు. 2023 ఏప్రిల్‌లో బీజేపీలోకి వెళ్లారు. 2024లో రాజంపేట లోక్‌సభకు బీజేపీ అభ్యర్థిగా నిలబడి, పెద్దిరెడ్డి కుమారుడు మిథున్ రెడ్డి చేతిలో ఓడిపోయారు. అదే ఎన్నికలో ఆయన తమ్ముడు పీలేరులో తెలుగుదేశం తరఫున గెలిచారు. ఒకప్పుడు కాంగ్రెస్ ఇంట్లో జరగాల్సిన గొడవ, పదేళ్ల తర్వాత వేర్వేరు జెండాల కింద జరిగింది.

విభజన వల్లే కాంగ్రెస్ పోయిందని అందరూ అంటారు. జనం కోపం పెద్ద కారణమే, సందేహం లేదు. కానీ కోపం వచ్చిన ప్రతి చోటా పార్టీలు సున్నాకు పడిపోవు. ఓడిపోతాయి, ఐదేళ్లు ఆగుతాయి, తిరిగి వస్తాయి. తిరిగి రావాలంటే పార్టీలో ఎవరో ఒకరు 'మనం తప్పు చేశాం' అని గట్టిగా చెప్పి, అయినా పార్టీలోనే ఉండి ఉండాలి. అలాంటి వాళ్లంతా అప్పటికే బయటికి పంపబడ్డారు, లేదా వెళ్లిపోయారు.

అదే జిల్లా, 1995లో వేరే ఫలితం

ఇదే జిల్లా మరో ముఖ్యమంత్రిని కూడా ఇచ్చింది. ఆయనా సొంత పార్టీలో తిరుగుబాటుతోనే ఆ కుర్చీ ఎక్కారు. చంద్రగిరి దగ్గర నారావారిపల్లెకు చెందిన చంద్రబాబు నాయుడు 1978లో కాంగ్రెస్ ఎమ్మెల్యే, తర్వాత మంత్రి. 1983లో ఎన్టీఆర్ ప్రభంజనంలో చంద్రగిరిలో ఓడిపోయి, తర్వాత మామ పార్టీలో చేరారు. ఆ ప్రభంజనానికి ఒక కారణం కూడా ఇదే కథ. 1978 నుంచి 1983 మధ్య కాంగ్రెస్ అధిష్టానం రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. ఢిల్లీ నుంచి వచ్చే కవరు మీద నడిచే పాలన పట్ల విసుగును ఎన్టీఆర్ 'తెలుగువారి ఆత్మగౌరవం' అనే నినాదంగా మార్చారు. అప్పుడు ఆయన గెలిచిన స్థానాల్లో తిరుపతి ఒకటి.

పుష్కరం తిరిగేసరికి ఎన్టీఆర్ పార్టీకీ అదే సమస్య వచ్చింది. 1994లో 200కు పైగా స్థానాలతో గెలిచిన పార్టీలో, ఏడాది తిరక్కముందే ఎమ్మెల్యేలు తమ మాట చెల్లడం లేదని, లక్ష్మీపార్వతి జోక్యం పెరిగిందని గొణగడం మొదలైంది. చెప్పుకునే వేదిక లేదు. 1995 ఆగస్టులో మెజారిటీ ఎమ్మెల్యేలు హైదరాబాద్‌లో వైస్రాయ్ హోటల్‌లో చేరారు. సెప్టెంబర్ 1న చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యారు. నాలుగున్నర నెలలకు ఎన్టీఆర్ కన్నుమూశారు.

దాన్ని వెన్నుపోటు అన్నవాళ్లున్నారు, పార్టీని కాపాడటం అన్నవాళ్లున్నారు. ఈ చర్చ ముప్పై ఏళ్లుగా తెగలేదు. మన విషయానికి కావలసింది ఒక్కటే. 1995లో అసంతృప్తి గెలిచింది, ఎందుకంటే సంఖ్య ఉంది, పార్టీ ఆఫీసు, జెండా చేతిలోకి వచ్చాయి. 2014లో ఓడింది, ఎందుకంటే సంఖ్య చెల్లాచెదురైంది. రెండింట్లోనూ పార్టీ లోపల కూర్చుని మాట్లాడి తేల్చుకునే పద్ధతి మాత్రం లేదు. గెలిస్తే పార్టీ మొత్తం మనదే, ఓడితే రోడ్డు మీదికే.

కాంగ్రెస్ ఖాళీ చేసిన చోట నిలబడ్డ ప్రాంతీయ పార్టీలు ఈ అలవాటును మార్చలేదు. 2022 జూలై ప్లీనరీలో వైఎస్సార్ కాంగ్రెస్ జగన్ మోహన్ రెడ్డిని జీవితకాల అధ్యక్షుడిగా ఎన్నుకున్నట్టు వార్తలు వస్తే, అలాంటి పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం చెప్పాల్సి వచ్చింది. 2023 మార్చి ఎమ్మెల్సీ ఎన్నికలో క్రాస్ ఓటింగ్ జరిగిందని ఆ పార్టీ నలుగురు ఎమ్మెల్యేలను సస్పెండ్ చేసింది. వాళ్లలో వెంకటగిరి ఎమ్మెల్యే ఆనం రామనారాయణ రెడ్డి ఒకరు. ఆయన ఇప్పుడు తెలుగుదేశం ప్రభుత్వంలో మంత్రి. 2019లో చిత్తూరు నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేగా గెలిచిన ఆరణి శ్రీనివాసులు, 2024లో తిరుపతి నుంచి జనసేన ఎమ్మెల్యే అయ్యారు. తెలుగుదేశంలోనూ అధినేత కుటుంబానికి ఎదురు మాట్లాడి నిలబడ్డ వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

చట్టం ఎక్కడ నిలబడింది

1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూల్ వచ్చింది. దీనినే ఫిరాయింపుల నిరోధక చట్టం అంటున్నాం. పార్టీ సభ్యత్వం స్వచ్ఛందంగా వదులుకున్నా, విప్‌కు వ్యతిరేకంగా ఓటేసినా, ఓటింగ్‌కు రాకపోయినా సభ్యత్వం పోతుంది. పార్టీ 15 రోజుల్లోపు క్షమిస్తే తప్ప. మొదట్లో మూడో వంతు సభ్యులు చీలితే మినహాయింపు ఉండేది. 2003లో 91వ సవరణతో దాన్ని తీసేశారు. ఇప్పుడు మూడింట రెండొంతుల మంది విలీనానికి ఒప్పుకుంటేనే రక్షణ.

డబ్బు, పదవుల ఆశ చూపి ఎమ్మెల్యేలను లాగడాన్ని ఆపడం దీని ఉద్దేశం. కానీ ఆచరణలో ఇది తలకిందులైంది. పదవి కోసం దూకినవాడి మీద పిటిషన్ స్పీకర్ దగ్గర ఏళ్ల తరబడి పడి ఉంటుంది. తెలంగాణలో పార్టీ మారిన ఎమ్మెల్యేల విషయంలో మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది. మరోవైపు, పార్టీలోనే ఉంటూ ఒక్క బిల్లు విషయంలో మనస్సాక్షి ప్రకారం ఓటేద్దామనుకున్నవాడికి మాత్రం సీటు పోతుందనే భయం. అంటే చట్టం దూకేవాడిని ఆపలేకపోతోంది, ప్రశ్నించేవాడిని మాత్రం ఆపుతోంది.

ఈ తేడా బ్రిటన్‌తో పోల్చితే బాగా తెలుస్తుంది. అక్కడి లేబర్ పార్టీ కూడా క్రమశిక్షణ విషయంలో మెతక పార్టీ కాదు. 2024 జూలైలో, అధికారంలోకి వచ్చిన నెలలోపే, ఏడుగురు ఎంపీలను సస్పెండ్ చేసింది. కుటుంబంలో మొదటి ఇద్దరు పిల్లలకు మించి సాయం ఇవ్వని పరిమితిని ఎత్తేయాలని వాళ్లు ఓటేయడమే కారణం. వాళ్లలో ముగ్గురు ముస్లింలు: అప్సానా బేగం, జారా సుల్తానా, ఇమ్రాన్ హుస్సేన్. అయితే వాళ్ల ఎంపీ సీట్లు పోలేదు. సభలో కూర్చుని అదే మాట చెబుతూనే ఉన్నారు. తర్వాత నలుగురిని పార్టీ వెనక్కి తీసుకుంది, ఇంకొందరిని ఆ పైన. జారా సుల్తానా మాత్రం పార్టీ వదిలేశారు. 2025 నవంబర్ బడ్జెట్‌లో అదే లేబర్ ప్రభుత్వం ఆ పరిమితిని ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. అంటే ఏడాదిన్నర కిందట ఏ మాటకు శిక్ష వేసిందో, చివరికి ఆ మాటకే వచ్చింది. ఎదురు చెప్పినవాళ్లు సభలో మిగిలి ఉండటం పార్టీకి నష్టం చేయలేదు.

ముస్లిం కుటుంబాలకు ఇందులో ఏముంది

నాయకుల గొడవలు మనకెందుకు అనిపించవచ్చు. కానీ పార్టీ లోపల మాట చెల్లకపోతే మొదట నష్టపోయేది సంఖ్యలో తక్కువగా ఉన్నవాళ్లే. ఒక పెద్ద వర్గం కోపం వస్తే పార్టీ మార్చగలదు, ప్రభుత్వాన్నే మార్చగలదు. కొన్ని నియోజకవర్గాల్లో మాత్రమే ప్రభావం చూపగల ముస్లింలకు ఆ బలం తక్కువ. వాళ్లకు ఉన్న ఆయుధం పార్టీ లోపల పట్టు వదలకుండా అడగడమే.

4 శాతం రిజర్వేషన్ కథే చూడండి. 2004లో కాంగ్రెస్ ప్రభుత్వం 5 శాతం ప్రకటిస్తే హైకోర్టు కొట్టేసింది. మళ్లీ తెచ్చింది, మళ్లీ కొట్టేసింది. చివరికి 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలను బీసీ-ఇ కింద చేర్చి 4 శాతం చట్టం చేసింది. 2010లో దాన్నీ హైకోర్టు కొట్టేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులతో కొనసాగింది. ఇన్నిసార్లు కింద పడ్డాక కూడా ప్రభుత్వం వదిలేయకుండా ఉండాలంటే, లోపల ఎవరో ఒకరు ఆ ఫైలును గుర్తు చేస్తూ ఉండాలి. ఆ ఫలితంతో మదనపల్లె, పీలేరు, చిత్తూరు, కడపల్లో ఎందరో పిల్లలకు ఇంజినీరింగ్, మెడికల్, టీచర్ ట్రైనింగ్ సీట్లకు దారి దొరికింది.

మదనపల్లె మరో సంగతి చెబుతుంది. 2009లో కాంగ్రెస్ తరఫున షాజహాన్ బాషా గెలిచారు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున నవాజ్ బాషా గెలిచారు. 2024లో మళ్లీ షాజహాన్ బాషాయే గెలిచారు, ఈసారి తెలుగుదేశం తరఫున. మూడు పార్టీలూ ముస్లిం అభ్యర్థిని నిలబెట్టి గెలిపించుకున్నాయి. అది మంచి విషయమే. కానీ టికెట్ ఇవ్వడం ఒకటి, గెలిచాక ఆ ఎమ్మెల్యే సొంత పార్టీకి ఇబ్బంది కలిగించే మాట అనగలగడం ఇంకొకటి.

2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు వచ్చినప్పుడు ఈ తేడా బయటపడింది. లోక్‌సభలో 288 ఓట్లు అనుకూలంగా, 232 వ్యతిరేకంగా పడ్డాయి. 16 మంది లోక్‌సభ సభ్యులున్న తెలుగుదేశం కొన్ని సవరణలు సూచించి, చివరికి బిల్లును సమర్థించింది. వైఎస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకించింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా ఓటర్ల దృష్టిలో చూస్తే, చిత్తూరు లోక్‌సభ ఓటరు సమర్థించిన పార్టీ ఎంపీని, తిరుపతి, రాజంపేట ఓటర్లు వ్యతిరేకించిన పార్టీ ఎంపీలను పంపారు. అంటే ఒక కుటుంబం అభిప్రాయం పార్లమెంటులో వినబడటం ఆ ఇల్లు నియోజకవర్గ సరిహద్దుకు ఏ వైపున ఉందన్న దాని మీద ఆధారపడింది. తెలుగుదేశానికి రాష్ట్రంలో ముగ్గురు ముస్లిం ఎమ్మెల్యేలున్నారు. వాళ్లలో ఒకరు మైనారిటీ సంక్షేమ మంత్రి. ఈ బిల్లు మీద వాళ్ల సొంత అభిప్రాయం ఏదైనా, దాన్ని పార్టీ నిర్ణయానికి భిన్నంగా బయటపెట్టి పార్టీలో కొనసాగే సంప్రదాయం మన పార్టీల్లో లేదు. బీహార్‌లో జేడీయూకు చెందిన కొందరు ముస్లిం నాయకులు రాజీనామాలు చేశారు. మళ్లీ అదే కథ: ఉండాలంటే మౌనం, మాట్లాడాలంటే నిష్క్రమణ.

క్రమశిక్షణ అక్కర్లేదని దీని అర్థం కాదు. ప్రతి ఎమ్మెల్యే ప్రతి రోజూ ఇష్టమొచ్చినట్టు ఓటేస్తే ప్రభుత్వం నిలబడదు, ఓటరు ఏ మేనిఫెస్టోకు ఓటేశాడో దానికీ విలువ ఉండదు. ఇంట్లో పెద్దలు కూర్చుని మష్వరా చేసి, అందరి మాటా విని, ఒక నిర్ణయానికి వచ్చాక అందరూ దానికి కట్టుబడటం వేరు. పిలవకుండా, వినకుండా తేల్చేసి, తర్వాత తల ఊపమనడం వేరు. మొదటిది క్రమశిక్షణ. రెండోదానికి ఆ పేరు పెట్టుకున్నారంతే. బడ్జెట్, అవిశ్వాసం లాంటి ప్రభుత్వ మనుగడ తేలే ఓటింగ్‌లకే విప్ పరిమితం చేసి, మిగతా బిల్లులపై సభ్యులకు స్వేచ్ఛ ఇవ్వాలని ఎన్నికల సంస్కరణల చర్చల్లో ఎప్పటినుంచో వినబడుతోంది. దానికి రాజ్యాంగ సవరణ కావాలి. అది రేపే జరగకపోవచ్చు.

కానీ చట్టం మారేదాకా ఆగనక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. 2021లో ఎన్నికైన పంచాయతీలు, మున్సిపాలిటీల ఐదేళ్ల గడువు 2026తో తీరుతుంది. గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. అక్కడ సర్పంచ్ మీద పార్టీ విప్ ఉండదు. మున్సిపాలిటీల్లో, మండల, జిల్లా పరిషత్‌లలో పార్టీ గుర్తులుంటాయి. ఇంటింటికీ వచ్చే అభ్యర్థిని రోడ్డు, డ్రైనేజీ, శ్మశానం గోడ గురించి అడగడం మామూలే. దానితో పాటు ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగవచ్చు. 'మీ పార్టీ మండల కమిటీకి చివరిసారి ఓటింగ్‌తో ఎన్నిక ఎప్పుడు జరిగింది? మా మాట మీ నాయకుడికి నచ్చకపోతే, మీరు ఆ మాటను ఎక్కడ, ఎవరి ముందు చెబుతారు?'

మొదటి ప్రశ్నకు చాలామంది నవ్వి ఊరుకుంటారు. రెండోదానికి తడుముకోకుండా జవాబు చెప్పే అభ్యర్థి ఏ పార్టీలో కనిపించినా, అతని పేరు గుర్తుపెట్టుకోవడం మంచిది.